మా జిమ్ సభ్యులకు విన్నపం: ఇకపై ఏడాది ఫీజు తీసుకోము

సత్యనారాయణపురంలోని మా జిమ్‌కు వస్తున్న సభ్యులకు, వచ్చి మానేసిన సభ్యులకు నమస్కారం. వచ్చే నెల 1వ తేదీ నుంచి ఏడాది మెంబర్‌షిప్‌ను పూర్తిగా ఆపేస్తున్నాము. ఎందుకో చెప్పాలంటే ముందుగా మా తప్పు ఒప్పుకోవాలి.

ఏటా జనవరి మొదటి వారంలో రాయితీ బోర్డు పెట్టి, 9,000 రూపాయలు ఒకేసారి కట్టించుకునేవాళ్లము. సంక్రాంతికి ఊరు వెళ్లినవారిలో చాలామంది మళ్లీ మా మెట్లు ఎక్కేవారు కారు. వారు రాకపోవడం మాకు లాభమే. డబ్బు కట్టిన వారందరూ ఒకే సాయంత్రం వస్తే నిలబడటానికైనా చోటు చాలదు. ఆ సంగతి తెలిసే, రానివారికి ఒక్క ఫోను కూడా చేయకుండా ఊరుకున్నాము.

జేమ్స్ ప్రొచాస్కా, కార్లో డిక్లెమెంటే అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 1980ల మొదట్లో పొగతాగడం మానుకునేవారిని పరిశీలించి చెప్పిన దశలను తరువాత వ్యాయామానికీ వర్తింపజేశారు. అసలు ఆ ఆలోచనే లేనివారు, ఆరు నెలల్లో మొదలుపెడదామనుకునేవారు, నెలలోపు మొదలుపెట్టడానికి సిద్ధమవుతున్నవారు, మొదలుపెట్టి ఆరు నెలలు నిండనివారు, ఆపైన నిలబెట్టుకుంటున్నవారు అని వారి విభజన. మనుషులు ఇంత కచ్చితమైన గళ్లలో ఇమడరన్న విమర్శ ఉంది, అది నాకూ సబబుగానే తోస్తుంది. అయినా ఈ వరుస చూశాక, ఇంకా ఊగిసలాటలో ఉన్న మనిషికి మేము ఏడాది రసీదు రాసిచ్చామని అర్థమైంది.

మరో పొరపాటు, మండలం రోజులు చేస్తే అలవాటైపోతుందని మా ట్రైనర్లు, నేను అందరికీ చెప్పడం. భవానీ దీక్ష తీసుకున్న మన బెజవాడ వాళ్లు 41 రోజులు తెల్లవారుజామునే లేచి నియమం తప్పకుండా ఉండటం చూసి వచ్చిన మాట అది. అయితే దీక్షలో ఉన్నవారిని ఇంటిల్లిపాదీ, వీధి వీధంతా 'భవానీ' అని పిలుస్తూ నిలబెడతారు, పైగా ఇరుముడి సమర్పించే రోజు ఒకటి ఉంటుంది. వ్యాయామానికి విరమణ రోజు లేదు. లండన్‌లో 96 మందితో చేసి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కొత్త అలవాటు యాంత్రికంగా సాగడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులని తేలింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల వరకు మారింది. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటుకు పెద్ద నష్టం లేదని కూడా అందులో గమనించారు. రెండు రోజులు రాలేకపోయి, ట్రైనర్‌కు ముఖం చూపించలేక మానేసిన వారికి ఈ మాట మేము ముందే చెప్పి ఉండవలసింది.

ఇకపై నెలకు 1,000 రూపాయలు మాత్రమే తీసుకుంటాము. కొత్తగా వచ్చినవారిని ఏ పూట, వారంలో ఎన్ని రోజులు వీలవుతుందో ముందుగా అడుగుతాము. ఇంకా తేల్చుకోలేనివారి దగ్గర డబ్బు తీసుకోకుండా, బీఆర్‌టీఎస్ రోడ్డు మీద ఉదయం అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు నడిచి చూడమంటాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన 150 నిమిషాల కనీస లెక్క చురుకైన నడకతోనే తీరుతుంది. వారం రోజులు కనిపించని సభ్యులకు ఫోను చేస్తాము. అది నిలదీయడానికి కాదు, కుదిరే వేళ మార్చుకోవడానికి.

ఏడాది ఫీజు కట్టి మానేసినవారికి మిగిలిన నెలలకు 750 రూపాయల చొప్పున తిరిగి ఇస్తాము. అద్దె, ట్రెడ్‌మిల్ వాయిదాలు పోగా ఒకేసారి ఇచ్చే స్థోమత మాకు లేదు కనుక మూడు వాయిదాలలో చెల్లిస్తాము, దయచేసి ఓర్చుకోండి. రసీదు పోయినా ఫరవాలేదు, మా రిజిస్టరులో మీ పేరు ఉంటుంది. రాత్రి 7 గంటల తరువాత కౌంటరు దగ్గర నేనే ఉంటాను.