ఆఫీసు విందుకు బ్లేజర్ తప్పనిసరి ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

నేను హన్మకొండలో 28 ఏళ్లుగా మగవారి బట్టలు కుట్టి బతుకుతున్న దర్జీని. దసరా గిరాకీ, పెళ్లిళ్ల గిరాకీ మాకు ఎప్పటి నుంచో ఉన్నవే కాని, మడికొండ వైపు ఐటీ కొలువులు పెరిగినప్పటి నుంచి డిసెంబరులో ఇంకో గిరాకీ తోడైంది. క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ నడుమ జరిగే ఆఫీసు విందుకు ఏం వేసుకోవాలో తేల్చుకోలేక, ఫోనులో ఎవరిదో ఫొటో చూపించి, ‘నాలుగు రోజుల్లో ఇట్లాంటి బ్లేజర్ కావాలి అన్నా’ అని అడిగే యువకుల గిరాకీ అది. దాని వల్ల నాకు నాలుగు రూపాయలు వస్తాయన్నది నిజమే అయినా, ఈ పద్ధతి గురించి చెప్పవలసిన మాట ఒకటి ఉన్నందున ఈ లేఖ రాస్తున్నాను.

పోయిన డిసెంబరులో, ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కూడా నిండని ఒక అబ్బాయి మా దుకాణానికి వచ్చాడు. వారి సంస్థ ఇచ్చిన నోటీసులో ‘మగవారికి బ్లేజర్ తప్పనిసరి, నలుపు లేదా మెరూన్ రంగు’ అని ఉంది. నోటీసు వచ్చింది మంగళవారం, విందు శనివారం. బ్లేజర్ అంటే లోపల కాన్వాస్, భుజాలకు ప్యాడ్లు, లైనింగ్ ఉంటాయని, మనిషికి తొడిగి కనీసం రెండు ట్రయల్స్ చూడనిదే కుదరదని, పది రోజుల కంటే ముందు ఇవ్వలేనని ఉన్నమాట చెప్పాను. అతను జీతంలో దాదాపు మూడో వంతు పెట్టి రెడీమేడ్ కోటు కొనుక్కొని, సరిచేసి ఇవ్వమని మరునాడు మళ్లీ వచ్చాడు. భుజం అంగుళమున్నర కిందికి జారి ఉంది. కోటులో చేతుల పొడవు తగ్గించవచ్చు, నడుము పట్టించవచ్చు, కాని భుజం సరిచేయాలంటే చేతులు ఊడదీసి కాలరు దాకా విప్పవలసి వస్తుంది, అట్లా విప్పిన కోటుకు మళ్లీ మొదటి రూపం రావడం కష్టం. విందు జరిగినంతసేపూ కోటును చేతి మీద వేసుకొనే తిరిగానని తర్వాత అతనే చెప్పాడు.

కోటు వేసుకోవద్దని నేను చెప్పడం లేదు. ఇష్టమున్నవారు, స్తోమత ఉన్నవారు నిక్షేపంగా వేసుకోవచ్చు. అయితే వేసుకోవాలనుకునేవారు కొత్తది కొనే ముందు తమ బీరువా ఒకసారి తెరిచి చూడాలని మాత్రం చెబుతాను. మన వైపు పెళ్లికి సూటు కుట్టించుకోని పెళ్లికొడుకు ఈ రోజుల్లో అరుదు, ఆ సూటును రెండోసారి వేసుకున్న మగవాడు మరింత అరుదు. అది ముదురు నీలమో బూడిద రంగో అయితే కోటును విడిగా తీసి, వేరే రంగు ప్యాంటు మీద, తెల్లని అంగీ మీద హాయిగా వేసుకోవచ్చు. నడుము పెరిగిందని దిగులు పడవలసిన పని లేదు. ఇట్లాంటి రోజు వస్తుందని తెలిసిన దర్జీ ఎవరైనా ప్యాంటు వెనుక కుట్టులో అంగుళమో అంగుళమున్నరో బట్ట వదిలే ఉంచుతాడు, అది విప్పి వదులు చేయడం అరగంట పని. కోటు చేతి కింద అంగీ చేయి అర అంగుళం కనిపించాలి, కోటు కింది గుండీ పెట్టుకోకూడదు, బెల్టూ బూట్లూ ఒకే రంగువై ఉండాలి. ఇంతకు మించిన శాస్త్రం ఇందులో లేదు. మెరిసే శాటిన్ అంగీలు ఫొటోలో దీపంలా కనిపిస్తాయి కాబట్టి వాటి జోలికి పోకపోవడమే మంచిది.

నా అసలు మాట చేనేత గురించి. కోటు లేనివాడు ఆ విందులో తక్కువవాడు ఎట్లా అవుతాడో నాకు అర్థం కాదు. ప్రధానమంత్రిగా ఉండి కూడా పంచె, లాల్చీ, కండువాతో కనిపించిన పి.వి. నరసింహారావు గారు పుట్టింది మన నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలోనే. పంచె కట్టుకొని ఆఫీసు విందుకు పొమ్మని నేటి పిల్లలకు చెప్పే సాహసం నేను చేయను కాని, పోచంపల్లి ఇక్కత్ బట్టతో పూర్తి చేతుల అంగీ కుట్టించుకొని, ముదురు రంగు ప్యాంటు మీద వేసుకుంటే ఏ విందులోనైనా నిండుగా ఉంటుంది. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ నేతలో రంగు బట్ట మీద అచ్చువేసింది కాదు. నూలును ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు కనుక అసలైన ఇక్కత్ రెండు వైపులా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కొనేటప్పుడు తిరగేసి చూస్తే అచ్చుబట్ట ఏదో తెలిసిపోతుంది. మామూలు అంగీకి రెండుంబావు మీటర్లు సరిపోతే, ఇక్కత్‌లో గుండీల పట్టీ దగ్గరా జేబు దగ్గరా పువ్వు కలవాలి కాబట్టి పన్నా, అంటే బట్ట వెడల్పు, చూసుకొని మరో అర మీటరు ఎక్కువ తీసుకోవాలి. కుట్టడానికి ఇచ్చే ముందు రాత్రంతా చల్లని నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాలి, ఎందుకంటే చేనేత నూలు మొదటి తడికి ముడుచుకుంటుంది. ఈ పని ఎవరూ చేయరు, ఉతికిన తర్వాత కాలరు బిగుసుకుంటే మాత్రం తప్పు దర్జీదే అంటారు.

చలి అనుకునేవారికి నెహ్రూ కోటు ఉంది. దానికి చేతులు లేవు కనుక భుజం పేచీ లేదు, రెండు మూడు రోజుల్లో కుట్టి ఇవ్వవచ్చు, తర్వాత పెళ్లిళ్లకూ పండుగలకూ పనికివస్తుంది. వరంగల్ పేరు నిలబెట్టే బట్ట వేసుకోవాలన్న ఉత్సాహంతో ఒక పెద్దమనిషి కొత్తవాడ జంపఖానా తెచ్చి దానితో నెహ్రూ కోటు కుట్టమన్నాడు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ జంపఖానాల మీద నాకు గౌరవమే కాని, అవి కూర్చోవడానికి నేసినవి. ఆ రోజు నా మిషన్ సూది రెండుసార్లు విరిగింది. 1934లో వరంగల్‌లో మొదలైన ఆజంజాహీ మిల్లు బట్టతో మా నాన్న అంగీలు కుట్టేవాడు. ఆ మిల్లు మూతపడింది కాబట్టి ఇప్పుడు అంగీ బట్ట కోసం పోచంపల్లి వైపు చూడక తప్పడం లేదు. కొత్తవాడ సహకార సంఘాలు అంగీలకు సరిపడే పలుచని బట్ట కూడా కొంత నేయించగలిగితే, డిసెంబరులో దాన్ని అడిగి కొనేవారిని మా వంటి దర్జీలమే పంపగలం.

మీ పత్రిక ద్వారా ఇక్కడి సంస్థల నిర్వాహకులను నేను కోరేది పెద్దదేమీ కాదు. విందు నోటీసును కనీసం నెల రోజుల ముందు ఇవ్వాలి. అందులో ‘బ్లేజర్ తప్పనిసరి’ అన్న మాట తీసేసి, ‘శుభ్రమైన పూర్తి చేతుల అంగీ చాలు, చేనేత అయితే మరీ సంతోషం’ అని రాయాలి. ఈసారి నోటీసు నవంబరులోనే వస్తే, ఇక్కత్ బట్టను నానబెట్టుకొని రావడానికి కూడా ఆ పిల్లలకు సమయం దొరుకుతుంది.

ఇట్లు,
ఒక దర్జీ,
హన్మకొండ