గ్యాస్ మందు రాసే ముందు నెలసరి తేదీ అడగండి

సంపాదకుడు గారికి,

మా అక్క ఆరేళ్లు గ్యాస్ మాత్రలు మింగింది. నెలలో నాలుగైదు రోజులు పొట్ట డోలులా ఉబ్బి బిగిసిపోయేది. ముందు మలబద్ధకం, ఆ వెంటనే విరేచనాలు. బాత్రూంకి వెళ్తే చెమటలు పట్టేంత నొప్పి. చూపించుకున్న ప్రతి చోటా ఏం తిన్నావని అడిగారే కానీ, నెలసరి ఎప్పుడు వచ్చిందని ఒక్కరూ అడగలేదు. చివరికి అక్కే ఒకరోజు పాత క్యాలెండర్ ముందేసుకుని, కడుపు బాగాలేని రోజులన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. సున్నాలన్నీ నెలసరి తేదీలకు ఒకట్రెండు రోజులు అటూ ఇటూగానే పడ్డాయి. ఆ క్యాలెండర్ చూపించాకే డాక్టర్ లాపరోస్కోపీ (పొట్టకు చిన్న గాటు పెట్టి కెమెరాతో లోపల చూడడం) చేయించారు, ఎండోమెట్రియోసిస్ అని తేలింది. అంతకుముందు తీసిన స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. మామూలు స్కానింగ్‌కు ఈ జబ్బు చాలాసార్లు దొరకదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలు కనే వయసులో ఉన్నవాళ్లలో దాదాపు 10 శాతం మందికి, అంటే సుమారు 19 కోట్ల మందికి ఈ జబ్బుంది. ఇందులో గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం గర్భాశయం బయట పెరుగుతుంది. కొందరికి పేగు మీదే పెరుగుతుంది. పేగు మీద లేకపోయినా, నెలసరిలో విడుదలయ్యే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు గర్భాశయంతో పాటు పక్కనున్న పేగునూ మెలిపెడతాయి. అందుకే ఎంతోమందికి ఐబీఎస్ (పరీక్షల్లో ఏమీ కనబడకుండానే కడుపునొప్పి, మలబద్ధకం, విరేచనాలు పెట్టే పేగు సమస్య) అని ముద్ర వేసి పంపేస్తున్నారు. రెండూ కలిసి ఉన్నవాళ్లూ తక్కువేం కాదు.

ఇంకో బాధ కూడా చెప్పాలి. శరీరం పేగులోకి వదిలేసిన ఈస్ట్రోజన్‌లో కొంత భాగాన్ని అక్కడి బ్యాక్టీరియా మళ్లీ రక్తంలోకి చేరేలా చేయగలదు. ఈ జబ్బును పెంచేది ఆ హార్మోనే. కాబట్టి పేగు మీద జరుగుతున్న పరిశోధన నిజంగా ముఖ్యమైనదే. కానీ బ్యాక్టీరియాలో తేడా వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల తేడా వచ్చిందా అన్నది ఇంకా తేలలేదు. ఈలోపే "పేగు శుభ్రం చేసుకోండి, ఎండోమెట్రియోసిస్ మాయం" అంటూ పొడులు అమ్మేస్తున్నారు. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం రూపొందించిన లో-ఫాడ్‌మ్యాప్ ఆహారంతో (పేగులో పులిసి గ్యాస్ పుట్టించే కొన్ని పిండిపదార్థాలను తగ్గించే పద్ధతి) కొందరికి ఉబ్బరం, నొప్పి తగ్గుతాయి, నిజమే. అదీ డైటీషియన్ సలహాతో కొన్ని వారాలే. దాంతో బయట పెరిగిన కణజాలం కరిగిపోదు. అసలే తినాలంటే భయపడే మనిషి చేత ఒక్కొక్కటీ మాన్పిస్తూ పోతే ఆమె ఏం తిని బతకాలి?

మీ ఆరోగ్యం పేజీలో కడుపు ఉబ్బరం గురించి రాసిన ప్రతిసారీ, "నెలసరి రోజుల్లో ఎక్కువవుతోందా?" అన్న ఒక్క ప్రశ్న కూడా వేయండి. ఎవరో ఒకమ్మాయి క్యాలెండర్ తీసి చూసుకుంటుంది.

- ఒక పాఠకురాలు