ఎలుక కొరికింది నాలుగు తీగలు, ఎస్టిమేట్ 62 వేలు

సంపాదకులు గారికి నమస్కారం.

నేను మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు గుమాస్తాను. ఇరవై రెండేళ్లుగా బిల్లులు రాయడమే నా పని. కాటా చీటీ, లారీ కిరాయి, హమాలీ, గోనె సంచుల లెక్క అన్నీ నా చేతి మీదుగానే పోతాయి. అందుకే ఎవరు బిల్లు ఇచ్చినా ముందు కింద మొత్తం చూడను. పైనుంచి ఒక్కో వరుస చదువుకుంటూ దిగుతాను. అలా చదివిన ఒక కాగితం గురించే ఈ ఉత్తరం.

మొన్న నవంబరులో సన్నాలు దిగే రోజులు. మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరిన ఫొటో ఏటా మీ పేపర్లోనే వస్తుంది. ఆ రోజుల్లో మాకు ఇల్లు గుర్తుండదు. నా చిన్న కారు మిల్లు వెనక ఊక షెడ్డు పక్కన తొమ్మిది రోజులు కదలకుండా ఉండిపోయింది. 2021లో కొన్న బండి, ఈఎంఐలు తీరి ఏడాది కూడా కాలేదు. పదో రోజు తాళం తిప్పితే డాష్‌బోర్డు మీద దీపావళి. ఇంజన్ లైటు, ఏబీఎస్ లైటు, ఇంకేవో రెండు వెలిగాయి గానీ బండి మాత్రం స్టార్ట్ కాలేదు.

ఎక్స్‌టెండెడ్ వారంటీ కట్టి ఉన్నాను కదా అని షోరూముకే ఫోన్ చేశాను. టోయింగ్ బండి పంపించి కారు ఎత్తుకుపోయారు. ఆ కిరాయి 3,500. షోరూము పేరు, కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. వేరే వేరే కంపెనీల కార్లున్న మా చుట్టాలు, మిల్లు వాళ్లు చెప్పే కథలూ ఇలాగే ఉన్నాయి. ఒక్కరి పేరు రాస్తే మిగతా వాళ్లంతా మంచివాళ్లని అర్థం వస్తుంది.

రెండో రోజు వాట్సాప్‌లో ఎస్టిమేట్ వచ్చింది. ఎలుక కొరికినదానికి వారంటీ వర్తించదని మొదటి మాట. వైరింగ్ హార్నెస్, అంటే తీగలన్నీ కలిపిన కట్ట, 38,460. లేబర్ 9,200. ఇంతవరకు సరే అనుకుందాం. దాని కింద థ్రాటిల్ బాడీ క్లీనింగ్ 1,150, ఏసీ ట్రీట్‌మెంట్ 1,450, ఎలుకలు రాకుండా స్ప్రే 850, ఇంజన్ కోటింగ్ 1,650. జీఎస్టీ 18 శాతం కలిపి 62,256 రూపాయల 80 పైసలు. ఆ 80 పైసలు కూడా వదల్లేదు, చూశారా. స్టార్ట్ కాని బండికి ఏసీ ట్రీట్‌మెంట్ ఏంటో నాకు అర్థం కాలేదు. సెలవు పెట్టుకుని పోయాను.

సర్వీస్ అడ్వైజర్ మా పెద్దబ్బాయి ఈడు కుర్రాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"సార్, ఎలుకలు వైరింగ్ కొరికినయి. హార్నెస్ మొత్తం మార్చాలె."

"ఎన్ని వైర్లు తెగినయి బాబూ?"

"అది విప్పితే గానీ తెల్వదు సార్."

"మరి ఎన్ని తెగినయో తెల్వకుండ మొత్తం మార్చాలని ఎట్ల తెలిసింది?"

నవ్వాడు. "కంపెనీ ప్రొసీజర్ సార్. మేము వైర్లు అతకం."

కొరికిన చోటు ఒకసారి చూపించమన్నాను. కస్టమర్లకు వర్క్‌షాపులోకి పర్మిషన్ లేదట, సేఫ్టీ అట. అద్దాల గదిలో ఏసీ వేసి, సోఫాలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చారు. అద్దంలోంచి నా కారు కనిపిస్తూనే ఉంది. బానెట్ లేపి ఉంది, దగ్గర ఎవరూ లేరు. ఫొటో అయినా పంపమంటే ఇంజన్ మొత్తం పైనుంచి తీసి పంపాడు. అందులో తెగిన తీగ ఒక్కటి కనిపిస్తే ఒట్టు.

ఇక్కడ నా సంగతి కూడా ఒకటి చెప్పుకోవాలి. మా మిల్లుకు వడ్లు తెచ్చే రైతు నా టేబుల్ ముందు సరిగ్గా ఇలాగే నిలబడతాడు. తేమ చూసి, తాలు చూసి రేటు కడతాం. ఆయనకు గిట్టకపోతే మొహంలో తెలుస్తుంది. అప్పుడు నేనూ "మిల్లు రూల్ పెద్దాయనా" అనే అంటాను. కాకపోతే మిషన్ ఆయన కళ్ల ముందే ఉంటుంది. గింజలు ఆయన ముందే పోస్తాం, అంకె ఆయనా చదువుతాడు. నచ్చకపోతే ట్రాక్టర్ తిప్పుకుని పక్క మిల్లుకు పోతాడు. ఆ సోఫాలో నాకు ఆ మాత్రం కూడా లేదు.

సరే, హార్నెస్ సంగతి తర్వాత, ముందు ఆ నాలుగు వరుసలు ఎందుకని అడిగాను. కుర్రాడు ఒక్క మారుమాట చెప్పకుండా నాలుగూ తీసేశాడు. జీఎస్టీతో కలిపి 6,018 రూపాయలు అర నిమిషంలో మాయం. అవసరమైన పనే అయితే అంత తేలిగ్గా ఎట్లా తీస్తారు? అవసరం లేనిదైతే ఎందుకు రాశారు? అదే అడిగితే గొంతు తగ్గించి "నెలాఖరు కదా సార్" అన్నాడు. టార్గెట్లు ఉంటాయి. మాట్లాడుతున్నంత సేపూ వాడి ఫోన్ మోగుతూనే ఉంది. వాడి మీద నాకు కోపం లేదు.

మిగిలిన 56 వేలు కూడా కట్టనన్నాను. బయట వైరు ముట్టుకుంటే ఎక్స్‌టెండెడ్ వారంటీ పోతుందని హెచ్చరించి, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఇన్‌స్పెక్షన్ చార్జి అని 1,770 తీసుకున్నారు. ఏం ఇన్‌స్పెక్ట్ చేశారో ఆ బిల్లులో లేదు. కారు వెనక్కి తేవడానికి మరో 3,000.

మిర్యాలగూడ సాగర్ రోడ్డులో ఆటో ఎలక్ట్రీషియన్ భాయ్ ఒకాయన ఉన్నాడు. మా మిల్లు లారీల వైరింగ్ ఆయనే చూస్తాడు. బానెట్ లేపి, బ్యాటరీ ట్రే ఊడదీసి, టార్చి వేసి "ఇటు రండి సార్, చూడండి" అన్నాడు. నన్ను పిలిచి చూపించడం అదే మొదలు. బ్యాటరీ కింద గోనె పీచు, ఊక, నాలుగు వడ్లగింజలు. చిన్న గూడే కట్టింది. దాని మీదుగా పోయే నల్ల గొట్టం కొరికేసి ఉంది, లోపల నాలుగు తీగలు తెగాయి. రాగి కొసలు చీపురు పుల్లల్లా విచ్చుకుని ఉన్నాయి. కొసలు గీకి, రంగుకు రంగు కలిపి, సోల్డర్ పెట్టి, స్లీవ్ తొడిగి, లైటర్‌తో వేడి చేసి బిగించాడు. పైన కొత్త గొట్టం వేసి టేపు చుట్టాడు. గంటన్నర పని, 1,400 రూపాయలు. తాళం తిప్పితే లైట్లన్నీ వెలిగి, ఒక్కొక్కటే ఆరిపోయాయి.

షోరూము వాళ్ల వైపు ఒక న్యాయం ఉందని ఆ భాయే చెప్పాడు. "పసుపచ్చ తొడుగు వైర్లు కొరికి ఉంటే నేను ముట్టకపోయేటోణ్ణి సార్. అవి ఎయిర్‌బ్యాగ్‌వి. అతుకు సరిగ్గ పడకపోతే ఆపతికి పనిచెయ్యదు." ఒప్పుకుంటాను. చేతకానివాడు అతికితే షార్టయి బండి కాలిపోతుంది కూడా. అలాంటప్పుడు మొత్తం మార్చండి, కడతాం. నేను అడిగేది ఏది తెగిందో చూసి చెప్పమని.

మొత్తం నాకు 9,670 ఖర్చయింది. అందులో రిపేరుకు పోయింది 1,400. మిగతా 8,270 షోరూముకు పోయి వచ్చినందుకు.

అందరికీ ఇలాంటి భాయ్ దొరకడు. దొరికినా అన్ని పనులూ ఆయన చేతుల్లో లేవు. కొత్త మోడల్ కార్లలో లోపం ఎక్కడుందో చూపించే స్కానర్ ఆయన దగ్గర లేదు. కొన్ని పార్టుల కోసం ఫొటో పెట్టి హైదరాబాద్ పుత్లీబౌలి పార్టుల బజారులో వాకబు చేస్తాడు, అక్కడా లేకపోతే షోరూము కౌంటరే గతి. ఇది ఈనాటి గొడవ కాదు. స్పేర్ పార్టులు, రిపేరు మాన్యువళ్లు, స్కానింగ్ పరికరాలు బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో, వ్యాపారాల్లో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు పోయాయి. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ (రిపేరు హక్కు) పోర్టల్ అని ఒక వెబ్‌సైటు తెరిచింది, కార్లు కూడా అందులో ఉన్నాయన్నారు. సాగర్ రోడ్డు దాకా ఏదీ రాలేదు.

వినియోగదారుల కమిషన్‌కు పొమ్మని మా ఓనరు గారి సలహా. కమిషన్ నల్లగొండలోనే ఉంది, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. కానీ ఆ 62 వేలు కట్టి ఉంటే పోవడానికి దారి ఉండేది. కట్టకుండా బయటపడ్డవాడు 1,770 కోసం ఎన్ని వాయిదాలు తిరుగుతాడు?

అందుకే ఈ ఉత్తరం. లేబర్ గంటకు ఎంతో షోరూము గోడ మీద తెలుగులో రాసి పెట్టమనండి. చెడిపోయిన పార్టు బండి ఓనరుకు చూపించాకే ఎస్టిమేట్ రాయాలి, మార్చాక పాతది తిరిగి ఇవ్వాలి. అడగని పనులు రాసేముందు అడగాలి. అధికారులు ఎవరైనా ఒక నెలాఖరున మామూలు కస్టమర్ లాగా పోయి ఆ సోఫాలో కూర్చుని చూస్తే మరీ మంచిది. మీ విలేకరిని పంపినా సరే, నా ఎస్టిమేట్ కాగితం, ఇన్‌స్పెక్షన్ బిల్లు దాచి ఉంచాను.

కారు ఇప్పుడు ఊక షెడ్డు పక్కన పెట్టడం లేదు. భాయ్ చెప్పినట్టు చిన్న గుడ్డలో పొగాకు మూట కట్టి బ్యాటరీ పక్కన వేలాడదీశాను. పొగాకు 20 రూపాయలు. ఎలుకకు పనిచేస్తుందో లేదో ఇంకా చూడాలి.

ఇట్లు,
ఒక రైసుమిల్లు గుమాస్తా,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా

(పేరు, ఫోన్ నంబరు వేరే కాగితం మీద రాశాను. దయచేసి అచ్చు వేయవద్దు. వారంటీ ఇంకా ఏడాది ఉంది.)