రూప్‌చంద్‌ను పిరానా చేశారు

సంపాదకులకు నమస్కారం.

చెరువులో మనిషి పళ్లున్న చేప దొరికిందనీ, అది మనుషుల్ని తినే పిరానా అనీ ఈ మధ్య మీ జిల్లా పేజీలో వార్త వేశారు. ఫొటోలో ఉన్నది మన చేపల మార్కెట్లో రోజూ కోసి అమ్మే రూప్‌చందే! (పిరానా సైతం మనుషుల్ని తినేస్తుందన్నది సినిమా మాట.)

రెండూ దక్షిణ అమెరికావే, ఒకే కుటుంబానివే. తేడా పళ్లలో ఉంది. పిరానావి మాంసం కోసే ముక్కోణపు పళ్లు, రూప్‌చంద్‌వి గింజలు నలగ్గొట్టే దవడపళ్ల లాంటివి. అమెజాన్‌కు వరదొచ్చి ఏటా నెలల తరబడి అడవి నీట మునుగుతుంది. అప్పుడు రూప్‌చంద్‌లు చెట్ల మధ్యకు ఈదుకెళ్లి రాలిన పండ్లు తింటాయి. నలగకుండా కడుపులోకి పోయిన గింజలు ఎక్కడో దూరాన పడి మొలుస్తాయి. అక్కడి అడవికి విత్తనాలు చల్లేవాటిలో చేపలూ ఉన్నాయన్నమాట. రూప్‌చంద్ పిల్లల పొట్ట ఎర్రగా ఉండి ఎర్రపొట్ట పిరానాలా కనబడుతుంది కాబట్టి పొరబడటం వింతేమీ కాదు.

రూప్‌చంద్‌ల వర్గీకరణ ఇంకా మారుతూనే ఉంది. 1818లో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త కువియే వర్ణించిన రూప్‌చంద్ జాతిలోవేనని లెక్కేస్తూ వచ్చిన దక్షిణ అమెరికా ఒరినోకో నది చేపల్ని 2019లో ‘పియరాక్టస్ ఒరినోకెన్సిస్’ అనే వేరే జాతిగా విడదీశారు.

వరదకు గట్లు తెగి మన చెరువుల్లోని రూప్‌చంద్‌లు కాలువల్లో, కొల్లేట్లో పడితే అక్కడి నాటు చేపల తిండికి ఏ మేరకు పోటీ వస్తాయి? మత్స్యశాఖ వాళ్లను అడిగి ఆ సంగతి రాయించండి.

– ఒక పాఠకుడు, ఏలూరు