మా ఫ్రెంచ్ వైన్ అరను ఎందుకు మారుస్తున్నాం: లేబుల్ మీది హోదా దేనికి ఇచ్చినది?

మా దుకాణాన్ని ఆదరిస్తున్న కొనుగోలుదారులందరికీ నమస్కారం. న్యూజెర్సీలోని మా చిన్న వైన్ దుకాణంలో ఫ్రెంచ్ వైన్లు పెట్టే అరను వచ్చే నెల మొదటి వారం నుంచి పూర్తిగా కొత్త పద్ధతిలో సర్దుతున్నాం. గృహప్రవేశానికో, పెళ్లిరోజుకో కానుక కొనడానికి వచ్చే మనవాళ్లలో చాలామంది "గ్రాన్ క్రూ అని రాసి ఉన్నదే ఇవ్వండి" అని, ఫ్రెంచ్ లేబుళ్ల మీద పై హోదాగా కనిపించే ఆ మాటనే నమ్మి అడుగుతారు కాబట్టి ఇంతకాలం ఆ సీసాలన్నీ ఒకేచోట ఉండేవి. ఇకమీదట అలా ఉండవు. ప్రతి సీసా తన ప్రాంతం కింద, ఆ ప్రాంతంలో తన రుచి స్వభావం ప్రకారం ఉంటుంది. ధరలు కొన్ని పెరుగుతున్నాయి, కొన్ని సీసాలను ఆపేస్తున్నాం, కొన్నింటిని కొత్తగా తెస్తున్నాం. మీ డబ్బుతో ముడిపడిన విషయం కనుక, దీని వెనుక ఉన్న ఆలోచనను దాపరికం లేకుండా వివరించడం మా బాధ్యత అని భావిస్తున్నాం.

ఫ్రెంచ్ లేబుల్ మీద ద్రాక్ష రకం కంటే ఊరి పేరే పెద్దగా కనిపించడానికి కారణం ఏఓసీ, అంటే వైన్ ఏ ప్రాంతంలో పుట్టిందో ధ్రువీకరించే చట్టబద్ధమైన వ్యవస్థ. 1935లో చట్టం వచ్చింది, 1936లో షాతోనఫ్ దు పాప్, అర్బువా, తవెల్ వంటి తొలి ప్రాంతాలకు ఈ గుర్తింపు దక్కింది. మన బంగినపల్లి మామిడికి 2017లో వచ్చిన భౌగోళిక గుర్తింపు వెనుక ఉన్న ఆలోచన ఇటువంటిదే, కానీ ఫ్రెంచి వారి నిబంధనలు ఇంకా లోతుకు వెళ్తాయి. ఏ హద్దుల లోపల తోట ఉండాలి, ఏ ద్రాక్ష రకాలు వేయాలి, హెక్టారుకు ఎంతకు మించి దిగుబడి తీయకూడదు, కనీసం ఎంత ఆల్కహాల్ ఉండాలి అన్నవన్నీ ఒక్కొక్క ఏఓసీకి విడివిడిగా రాసి ఉంటాయి. దాని కింద నిబంధనలు కొంత సడలిన ఐజీపీ అనే ప్రాంతీయ గుర్తింపు, ఆ కింద ఏ ప్రాంతపు పేరూ లేని "వాన్ ద ఫ్రాన్స్" వస్తాయి. ఏఓసీ అన్నది పుట్టుకకు, పద్ధతికి హామీ మాత్రమే. రుచికి హామీ కాదు. నిబంధనల్లో లేని ద్రాక్షను వేయాలన్న పట్టుదలతో తమంతట తామే వాన్ ద ఫ్రాన్స్ స్థాయికి దిగి గొప్ప వైన్ చేస్తున్న రైతులు ఉన్నారు.

ఏఓసీ మీద అదనంగా ఇచ్చే హోదాల దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది. "క్రూ" అన్న హోదా ఒక ప్రాంతంలో ఎస్టేటుకు, ఒక ప్రాంతంలో నేలకు, ఇంకొక ప్రాంతంలో ఊరికి ఇచ్చారు.

బోర్డోలో అది ఎస్టేటుకు ఇచ్చినది. 1855లో పారిస్ ప్రదర్శన కోసం మూడవ నెపోలియన్ చక్రవర్తి కోరిక మేరకు అక్కడి వైన్ బ్రోకర్లు అప్పటి మార్కెట్ ధరలను ఆధారం చేసుకుని ఎర్ర వైన్ల ఎస్టేట్లను అయిదు శ్రేణులుగా విభజించారు. ఒక్క ఓ బ్రియాన్ తప్ప జాబితాలోని ఎర్ర వైన్లన్నీ మెదోక్ ప్రాంతానివే. సోతెర్న్, బార్సాక్ తీపి వైన్లకు వేరే జాబితా వేసి, షాతో దికెమ్‌ను అన్నిటికంటే పైన నిలిపారు. లాఫీట్, లాతూర్, మార్గో, ఓ బ్రియాన్ మొదటి శ్రేణిలో ఉండగా, 1973లో మూతాన్ రోత్‌షీల్డ్‌ను రెండవ శ్రేణి నుంచి మొదటికి పెంచారు. శ్రేణి మార్పు అన్నది ఆ ఒక్కసారే జరిగింది. హోదా ఎస్టేటు పేరుకు ఉన్నందున, అదే ఏఓసీ పరిధిలో పక్క తోటను కొని కలుపుకున్నా హోదా చెక్కుచెదరదు. అందుకే 1855 నాటి తోటలు, నేటి తోటలు ఒకటే అనుకోవడానికి వీల్లేదు. ఆ జాబితాలో అయిదవ శ్రేణిలో ఉండి రెండవ శ్రేణి ధర పలికే ఎస్టేట్లు ఈరోజు ఉన్నాయి. అది మార్కెట్ ఇచ్చిన తీర్పు, మా దృష్టిలో చాలావరకు సరైన తీర్పే.

అదే బోర్డోలో నదికి కుడివైపున ఉన్న సాంతెమిలియోన్ లెక్క వేరు, మా కొనుగోలుదారులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. "సాంతెమిలియోన్ గ్రాన్ క్రూ" అన్నది వర్గీకరణలో వచ్చిన హోదా కాదు, అది ఒక ఏఓసీ పేరు. సాధారణ సాంతెమిలియోన్ కంటే దిగుబడి పరిమితి కాస్త తక్కువ, నిల్వ కాలం కాస్త ఎక్కువ. ఆ నిబంధనలు పాటించే ఎస్టేట్లు వందల్లో ఉన్నాయి. నిజమైన వర్గీకరణలో స్థానం పొందిన ఎస్టేటు లేబుల్ మీద చివర "క్లాసే" అన్న మాట తప్పకుండా ఉంటుంది. 1955లో మొదలైన ఈ వర్గీకరణను సుమారు పదేళ్లకొకసారి సవరిస్తారు. 2022 జాబితాలో 85 ఎస్టేట్లకు చోటు దక్కగా, అన్నిటికంటే పై మెట్టు పావీ, ఫీజాక్ అనే రెండింటికే వచ్చింది. ఆ మెట్టు మీద అంతకుముందు ఉన్న ఓజోన్, షెవాల్ బ్లాన్, ఆంజెలూస్ ఆ జాబితా వెలువడక ముందే తమంతట తాము వైదొలిగాయి. కాబట్టి జాబితాలో పేరు లేకపోవడం నాణ్యత లేకపోవడం కాదు. పక్కనే ఉన్న పొమెరోల్‌కు అధికారిక వర్గీకరణే లేదు, అయినా ప్రపంచ ప్రసిద్ధమైన పెత్రూస్ వైన్ అక్కడిదే.

బర్గండీలో హోదా నేలది. ఏటవాలులో ఏ ఎత్తున ఉంది, సున్నపురాయి ఎంత, బంకమన్ను ఎంత, నీరు ఇంకుతుందా నిలుస్తుందా అన్నదాన్ని బట్టి శతాబ్దాల అనుభవంతో తోటలను మడి మడిగా విడదీసి, ప్రాంతీయ స్థాయి, ఊరి స్థాయి, ప్రెమియే క్రూ, గ్రాన్ క్రూ అని నాలుగు మెట్లు కట్టారు. గ్రాన్ క్రూలు 33. మొత్తం ఉత్పత్తిలో వాటి వాటా 2 శాతం కూడా ఉండదు. ద్రాక్ష రకం ఎర్రదైతే దాదాపు ఎప్పుడూ పినో న్వార్, తెల్లదైతే షార్డొనే. ఇక్కడ లేబుల్‌ను జాగ్రత్తగా చదవాలి. జెవ్రే అనే ఊరు 1847లో తన దగ్గరి ప్రసిద్ధ తోట షాంబెర్తాన్ పేరును తన పేరుకు తగిలించుకుంది. అందువల్ల "షాంబెర్తాన్" అని మాత్రమే ఉంటే గ్రాన్ క్రూ, "జెవ్రే షాంబెర్తాన్" అని ఉంటే ఊరి స్థాయి వైన్. పేరు పొడవు పెరిగినకొద్దీ స్థాయి తగ్గడం ఇక్కడ మామూలే. రెండింటి ధరల మధ్య తేడా మాత్రం కొన్ని రెట్లు ఉంటుంది.

నేలకు హోదా ఇవ్వడంలోని పరిమితిని చూపడానికి క్లో ద వూజో కంటే మంచి ఉదాహరణ లేదు. సీతో మఠానికి చెందిన క్రైస్తవ సన్యాసులు 12వ శతాబ్దం నుంచి సాగు చేసి, చుట్టూ రాతిగోడ కట్టిన ఈ తోట సుమారు 50 హెక్టార్లు ఉంటుంది. 1889 వరకు అది ఒకే యాజమాన్యం కింద ఉండేది; ఆ తరువాత ముక్కలైంది. ఇప్పుడు యజమానులు దాదాపు 80 మంది. గోడ లోపల పై భాగంలో పలచని సున్నపు నేల, నీరు నిలవదు. రహదారిని ఆనుకున్న కింది భాగంలో బరువైన బంకమన్ను, వాన కురిస్తే తడి ఆరదు. చట్టం దృష్టిలో రెండూ గ్రాన్ క్రూలే, లేబుల్ మీద ఒకే పేరు, ధర కూడా ఇంచుమించు ఒకే స్థాయిలో మొదలవుతుంది. అందుకే బర్గండీలో తోట పేరు కంటే ముందు రైతు పేరు చూడమని ప్రతి ఒక్కరికీ చెబుతాం. శ్రద్ధగల రైతు తీసిన ప్రాంతీయ స్థాయి "బుర్గోన్" సీసా, పేరు మీద బతికే వ్యాపారి అమ్మే పెద్ద హోదా సీసా కంటే మీ భోజనానికి ఎక్కువ న్యాయం చేస్తుంది. అరలో సీసాల దగ్గర ఉండే మా కొత్త కార్డుల మీద రైతు పేరే మొదటి పంక్తిలో ఉంటుంది.

షాంపేన్‌లో హోదా ఊరిది. ఒకప్పుడు ద్రాక్ష ధరను ఊరి వారీగా శాతాల్లో నిర్ణయించేవారు. నూటికి నూరు శాతం పలికే 17 ఊళ్లు గ్రాన్ క్రూలుగా నిలిచాయి. పేరుమోసిన పెద్ద సంస్థలు అనేక ఊళ్ల ద్రాక్షను కలిపి తమ రుచిని నిలబెట్టుకుంటాయి కనుక, వాటి ప్రధానమైన సీసాల మీద ఈ మాట సాధారణంగా కనిపించదు. సీసా వెనుక చిన్న అక్షరాల్లో, ఒక సంఖ్యకు ముందు ఉండే "ఆర్ఎం" అంటే రైతు తన సొంత ద్రాక్షతో తానే చేసినది, "ఎన్ఎం" అంటే ద్రాక్షను కొని చేసే సంస్థది. తీపి విషయంలోనూ ఒక హెచ్చరిక అవసరం: "ఎక్స్‌ట్రా డ్రై" అన్నది "బ్రూట్" కంటే తియ్యగా ఉంటుంది. బ్రూట్‌లో లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర ఉంటే, ఎక్స్‌ట్రా డ్రైలో 12 నుంచి 17 గ్రాముల దాకా ఉంటుంది.

మిగిలిన ప్రాంతాల గురించి క్లుప్తంగా చెబుతాను. అల్సాస్‌లో 51 తోటలకు గ్రాన్ క్రూ హోదా ఉంది. 2021 పంట నుంచి అక్కడి తెల్ల వైన్ల లేబుల్ మీద తీపి స్థాయిని తప్పనిసరిగా రాస్తున్నారు, ఇది కొనేవారికి జరిగిన గొప్ప మేలు. రోన్ లోయ ఉత్తరాన సిరా, దక్షిణాన గ్రెనాష్ ద్రాక్ష ప్రధానం. లువార్ నది వెంట సాంసెర్‌లో సొవిన్యోన్ బ్లాన్, వూవ్రేలో షెనాన్. బోజొలేలో గమే ద్రాక్షతో చేసే పది క్రూలు ఉన్నాయి. మోర్గోన్, ఫ్లరీ వంటి ఆ సీసాల మీద తరచుగా బోజొలే అన్న మాటే కనిపించదు కాబట్టి చాలామంది వాటిని దాటిపోతారు.

ఇక ధరల సంగతి. 2025 ఆగస్టులో యూరప్ వైన్ల మీద అమెరికా విధించిన సుంకం 15 శాతానికి చేరింది. దిగుమతిదారు నుంచి పంపిణీదారుకు, అక్కడి నుంచి మాకు సరుకు చేరుతుంది. సుంకం కలిసిన ధర మీదే ఒక్కొక్కరి లాభం లెక్క కడతారు కనుక, దాని ప్రభావం మీ దాకా వచ్చేసరికి పెరుగుతుంది. పాత ధరకు కొన్న సరుకు ఉన్నంతవరకు పాత ధరకే ఇస్తాం. ఆ తరువాత ఖరీదైన బోర్డో, బర్గండీ సీసాల ధర పెంచక తప్పదు. హోదా మాట తప్ప వేరే విశేషం లేని రెండు సాంతెమిలియోన్ గ్రాన్ క్రూ సీసాలను ఆపేస్తున్నాం. అవి మాకు బాగా అమ్ముడుపోయేవి, లాభం కూడా ఇచ్చేవి. కానీ అదే డబ్బుకు మీకు మెరుగైన వైన్ ఇవ్వగలిగినప్పుడు వాటిని అరలో ఉంచడానికి మనసు ఒప్పలేదు.

వాటి స్థానంలో మోర్గోన్, ఫ్లరీ, కొద్దిగా తీపి ఉన్న వూవ్రే, అల్సాస్ రీస్లింగ్ వస్తున్నాయి. ఇందులో మన వంటకూ పాత్ర ఉంది. కారం ఎక్కువైన కూరతో అధిక ఆల్కహాల్, గట్టి వగరు ఉన్న ఎర్ర వైన్ తాగితే నోటి మంట రెట్టింపవుతుంది. ఖరీదైన యువ బోర్డోను గోంగూర మాంసంతో వడ్డిస్తే రెండూ చెడతాయి. వగరు తక్కువగా, పులుపు చురుగ్గా ఉండే బోజొలే క్రూను కాస్త చల్లబరిచి అదే కూరతో ఇస్తే సర్దుకుపోతుంది. రొయ్యల వేపుడుకు, గుత్తి వంకాయకు "డెమీ సెక్" (కొద్దిగా తియ్యనిది) అని రాసి ఉన్న వూవ్రేను సూచిస్తాం. అందులోని తీపి కారాన్ని తగ్గిస్తుంది, పులుపు నూనెను కోస్తుంది.

గ్రాన్ క్రూ సీసాలు కావలసినవారికి వాటిని తెప్పించడం మానడం లేదు. ఏ సందర్భానికి, ఎప్పుడు తెరుస్తారు, ఎంతలో కావాలి అన్న మూడు వివరాలు కనీసం మూడు వారాల ముందు చెబితే, పంపిణీదారుల దగ్గర ఉన్నవాటిలో రైతును, పంట సంవత్సరాన్ని చూసి ఎంచి తెప్పిస్తాం, ధరను ముందే చెబుతాం. ఇప్పటికే దీపావళి కానుకలకు ముందస్తు చెల్లింపు చేసినవారికి ఒప్పుకున్న ధరే వర్తిస్తుంది. మీరు ఎంచుకున్న సీసా మేము ఆపేస్తున్న రెండింటిలో ఒకటైతే, మిగిలిన సరుకులోంచి మీ వంతు విడిగా తీసి ఉంచాం.