గాలి తిరిగాకే బిడ్డల్ని బయటికి తియ్యి

నెల్లూరు,
ఏప్రిల్ 20.

చి.ల.సౌ. అమ్మాయికి, అమ్మ ఆశీర్వదించి రాసేది.

మే నెలంతా బిడ్డలిద్దరితో ఇక్కడే ఉంటానన్నావు, సంతోషం. పెద్దోడికి 5 ఏళ్లు, చంటిదానికి 10 నెలలు. బెంగుళూరు చల్లదనంలో పెరిగిన ఒళ్లు వాళ్లవి. కొత్త ఎండకి ఒళ్లు అలవాటు పడాలంటే వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అందుకని దిగిన మొదటి వారం ఏ ఊరికీ ప్రయాణం పెట్టుకోవద్దు. ఇల్లు, మిద్దె, సాయంత్రం వీధి చివరి దాకా నడక, అంతే.

ఇక్కడ ఎండాకాలం రోజెట్టా గడుస్తుందో చెప్పేది గాలి. పొద్దెక్కే కొద్దీ పడమటి గాలి పెరుగుతుంది. వెలిగొండల అవతల ఎండిన నేల మీద కాగి వచ్చే గాలి కాబట్టి పొడిగా, పొయ్యి ముందు కూర్చున్నట్టు సెగలు కొడుతుంది. మధ్యాహ్నానికి మన నేల బాగా కాగి, దాని మీది గాలి తేలికై పైకి పోతే, ఆ చోటికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. అదే తూర్పు గాలి. ముందు సముద్రం ఒడ్డున మైపాడు, కృష్ణపట్నం దగ్గర తగిలి, ఊళ్లోకి వచ్చేసరికి ఇంకాస్త పొద్దు పోతుంది. మూడింటికల్లా తిరిగిందంటే ఆ సాయంత్రం బిడ్డలకి పండగే. రోహిణి కార్తెలో, అంటే మే ఆఖరి వారం నుంచి జూన్ మొదటి వారం దాకా, పడమటి గాలి బలంగా ఉండి ఒక్కో రోజు పొద్దుగూకినా తూర్పు గాలిని రానివ్వదు. ఆ రోజు ఎంత మాటిచ్చి ఉన్నా బయటి పని మానెయ్యి. గాలి చూడ్డానికి ఫోను అక్కర్లేదు, మిద్దె మీద ఆరేసిన చీర ఎటు ఎగురుతుందో చూడు.

పడమటి గాలి ఉన్నంతసేపు ఆ పక్క కిటికీలు మూసి, వట్టివేళ్ల తడికె తడిపి కట్టు. కూలర్ పనిచేసేది ఈ పొడి గాలిలోనే. అదీ ఎదురు కిటికీ జానెడు తెరిచి ఉంచితేనే, లేకపోతే గది చెమ్మబట్టి ఉక్కపోస్తుంది. తూర్పు గాలి తిరిగాక కూలర్‌లో నీళ్ల పంపు ఆపేసి ఫ్యాను ఒక్కటే ఉంచు. ఆ గాలిలో అప్పటికే తేమ ఉంటుంది, ఇంకా తేమ కలిపితే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. కూలర్ తొట్టి వారానికి ఒకసారి ఒంపేసి, పీచుతో రుద్ది ఎండబెట్టాలి. దోమ గుడ్డు పెట్టి ఎగిరే దోమయ్యేదానికి వారం, పది రోజులు చాలు.

ఇంకో సంగతి. పొడి గాలిలో చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. పెద్దోడి ఒళ్లు పొడిగా కనపడితే చెమటే పట్టలేదనుకుంటావు, కానీ నీళ్లు పోతూనే ఉంటాయి. దాహమని వాడు చెప్పేదాకా ఆగొద్దు, ఆటలో ఉన్నప్పుడు ప్రతి 20 నిమిషాలకి నాలుగు గుక్కలు తాగించు. ఉచ్చ లేత పసుపుగా ఉంటే సరిపోయినట్టు, ముదురు పసుపైతే చాలనట్టు. చంటిదానికి పాలు మామూలు కంటే ఎక్కువసార్లు ఇయ్యి, మధ్యలో కాచి చల్లార్చిన నీళ్లు చెంచాతో పట్టు. రోజుకి 6 సార్లయినా అది ఉచ్చ పోసి గుడ్డ తడపాలి.

మిద్దె మీది ట్యాంకు సంగతి బెంగుళూరులో నీకు తెలిసి ఉండదు. మధ్యాహ్నం 12 నుంచి 5 దాకా కుళాయి తిప్పితే మొదట వచ్చే నీళ్లు చెయ్యి కాలేట్టు ఉంటాయి. పెద్దోడు తనే కుళాయి కింద కూర్చునే వయసు, వాణ్ణి ఒంటరిగా స్నానాల గదిలోకి పంపొద్దు. తెల్లారి 6 గంటలకే రెండు బకెట్లు నింపి నీడన మూతేసి పెట్టుకుంటే సాయంత్రం స్నానానికి సరిపోతాయి. మూత లేకుండా వదలొద్దు, చంటిది పాకేది కదా, బకెట్లో అరచెయ్యి లోతు నీళ్లున్నా ప్రమాదమే. పొయ్యక ముందు నీ మోచెయ్యి ముంచి చూడు. చెమటకాయలకి రెండుపూటలా స్నానం, పలచటి నూలు చొక్కా, తూర్పు గాలి, ఇవే మందు. పౌడరు దట్టిస్తే చెమటతో ముద్దయి రంధ్రాలు ఇంకా మూసుకుంటాయి.

తాగేదానికి మజ్జిగే మేలు. కప్పు పెరుగుకి మూడు కప్పుల నీళ్లు, చిటికెడు ఉప్పు, దంచిన కరివేపాకు. గూడూరు, పొదలకూరు నిమ్మకాయలకి కొదవ లేదు, గ్లాసు నీళ్లకి అర చెక్క, రెండు చెంచాల చక్కెర, రవ్వంత ఉప్పు. బయట నిమ్మసోడా, పుల్ల ఐసు మాత్రం వద్దు. ఆ ఐసు ఏ నీళ్లతో గడ్డ కట్టించారో మనకి తెలియదు. తాటి ముంజలు వేలితో నొక్కితే జెల్లీలాగా అణగాలి, లోపల నీళ్లుండాలి. ముదిరింది తింటే బిడ్డలకి కడుపునొప్పి. చంటిదానికి ముంజ ముక్కగా ఇవ్వొద్దు, జారి గొంతుకి అడ్డం పడుతుంది, మెత్తగా చిదిమి పెట్టు. మామిడిపండు తొడిమ దగ్గర కోసి, సొన కారిపోయాక, గంటసేపు నీళ్లలో వేసి అప్పుడియ్యి. పెద్దోడు పండు చీకుతాడు కదా, సొన అంటితే మూతి చుట్టూ పుండ్లవుతాయి.

ఇక మైపాడు. వాడు ఫోన్లో ఎప్పుడూ అడిగేది అదే. ఊరి నుంచి 25 కిలోమీటర్లు. ఆదివారం వద్దు, మామూలు రోజు నాలుగున్నరకి బయలుదేరితే ఇసుక చల్లబడే వేళకి చేరతారు. ముందు నీ అరచెయ్యి వెనకభాగం ఇసుక మీద ఆనించి ఏడు అంకెలు లెక్కబెట్టు. ఆలోపే చురుక్కుమంటే చెప్పులు విప్పనియ్యొద్దు. పొద్దు మన వీపు వెనక కుంగుతుంది కాబట్టి నీళ్ల మీద వెలుగు తొందరగా తగ్గుతుంది. ఆరున్నరకి సామాను సర్దెయ్యి.

గాలి సంగతి అక్కడా మర్చిపోవద్దు. సాయంత్రం గాలి సముద్రం నుంచి వస్తుంది, అలలు పెద్దవి, కానీ నీళ్లలో పడ్డ బంతి గట్టుకే వస్తుంది. సూర్యోదయం చూద్దామని తెల్లారుజామున పోతే గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంటుంది. నీళ్లు ప్రశాంతంగా కనపడతాయి, బంతి మాత్రం లోపలికి పోతూనే ఉంటుంది, దాని వెంట బిడ్డ పరిగెత్తుతాడు. అందుకని పొద్దున పూట బంతి తీసుకుపోవద్దు. గాలి కొట్టిన ట్యూబు ఏ పూటా వద్దు. అటూ ఇటూ అలలు విరుగుతూ మధ్యలో ఒకచోట మాత్రం విరగకుండా నున్నగా ఉందనుకో, అక్కడ దిగడం మేలనిపిస్తుంది. నిజానికి ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ వెనక్కి లాక్కుపోయే దారి అదే. బిడ్డకి చీలమండ లోతే హద్దు. వేళ్లు కాదు, మణికట్టు పట్టుకోవాలి, తడి వేళ్లు జారిపోతాయి. అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింది ఇసుక తోడేస్తుంది, పడేది అప్పుడే. వాణ్ణి చూసే మనిషి ఒకళ్లే ఉండాలి, ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు. ఇద్దరు చూస్తున్నారంటే ఒకళ్లు చూస్తున్నారులే అని రెండోవాళ్లు అనుకుంటారు.

పెన్నలోకి దింపే మాటే వద్దు. ఏరు ఎండినట్టు కనపడినా ఇసుక తవ్విన గుంతల్లో నీళ్లు నిలిచుంటాయి, మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో తల మునిగే లోతుకి పోతాయి. రంగనాయకుల గుడికి పోయినా గట్టు మీది నుంచే ఏరు చూపించు.

నేలపట్టు పక్షుల కోసం వాణ్ణి ఊరించొద్దు, మేలో పోతే ఉత్త చెట్లే. గూడబాతులు, అదే పెలికాన్లు, గూళ్లు కట్టేది చలికాలం, సంక్రాంతికి వస్తే చూపిద్దాం. పెంచలకోన నరసింహస్వామి గుడికి పోవాలంటే తెల్లారుజామున 4 గంటలకి బయలుదేరు. నృసింహ జయంతికి, వైశాఖ శుద్ధ చతుర్దశికి, బిడ్డలతో పోవద్దు, ఆ రద్దీలో ఊపిరాడదు. 9 దాటితే రాళ్లు కాలతాయి, వాడికి మందం మేజోళ్లు పెట్టుకో. దారికి పెరుగన్నం కడితే పులిసిపోతుంది. మెత్తగా వండిన అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి, చెంచాడు పెరుగు, ఉప్పు కలిపి కట్టు, ఆకలేసే వేళకి తోడుకుని ఉంటుంది. కారు ఎండలో ఆపితే ముందు అన్ని తలుపులూ తెరిచి, సీటు బెల్టు ఇనప బిళ్ల తాకి చూసి అప్పుడు ఎక్కించు. అయిదు నిమిషాల పనైనా సరే, బిడ్డని కార్లో ఉంచి దిగొద్దు.

విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. పెద్ద ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్టు గ్లాసులో వేస్తే ఉప్పు ఎక్కువై చేటు. చంటిదానికి ప్రతి విరేచనానికీ పావు నుంచి అర కప్పు, పెద్దోడికి అర నుంచి కప్పు, చెంచా చెంచాగా. కక్కితే 10 నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టు. కలిపింది 24 గంటలు దాటితే పారబొయ్యి. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు నీళ్లకి 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలవాలి. టెంకాయ బోండాం మంచిదే కానీ అందులో ఉప్పు తక్కువ, దీనికి బదులు కాదు.

ఎండకి తిరిగి వచ్చాక ఒళ్లు కాలిపోతూ, పిలిస్తే సరిగ్గా పలక్కుండా, మాట తడబడితే అది మామూలు జ్వరం కాదు. జ్వరం మాత్ర దానికి పనిచెయ్యదు. బట్టలు విప్పి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, ఫ్యాను పెట్టు. మగతగా ఉంటే నోట్లో ఏమీ పొయ్యొద్దు. ఒకరు 108కి ఫోను చేస్తుంటే ఇంకొకరు తడుపుతూనే ఉండాలి.

వచ్చేటప్పుడు నూలు చొక్కాలు పెద్దోడికి 6, చంటిదానికి 10, అంచు వెడల్పున్న టోపీలు, వెనక పట్టీ ఉన్న చెప్పులు తెచ్చుకో. వట్టివేళ్ల తడికె, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు నేను తెప్పిస్తాను. రైలు నెల్లూరు చేరే వేళ ఏదో రాయి. పగటిపూట దిగే బండి అయితే మార్చుకుని, తెల్లారేలోపు దిగే దానికి టికెట్లు తీసుకో.

మీ అమ్మ