ఈ ఏడాది ఏం చేశాం, ఎక్కడ తప్పాం: మన రచయితల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

వార్షిక నివేదిక అంటే "మన సంఘం ఈ ఏడాది ఎన్నో మైలురాళ్లు దాటింది" అని మొదలుపెట్టాలట, కార్యవర్గంలో ఒకరు గుర్తుచేశారు. అలాగే మొదలుపెట్టి చూశాను, రెండో వాక్యం దగ్గర కలం కదల్లేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. జమాఖర్చులు, హాజరు లెక్కలు విడిగా పంపాం కాబట్టి ఆ అంకెలు ఇక్కడ మళ్లీ ఎత్తను.

ముందు పోటీ సంగతి చెప్పుకోవాలి. కొత్తగా రాసేవాళ్లని ప్రోత్సహించాలంటే కథల పోటీ పెట్టాలి, బహుమతులివ్వాలి అని పోయినేడు సర్వసభ్య సమావేశంలో అందరం ఒప్పుకున్నాం. పెట్టాం. కథలు బాగానే వచ్చాయి, ఫలితాలు చెప్పిన రోజు అభినందనల హడావిడి ఇంతా అంతా కాదు. మర్నాటి నుంచి, కథ పంపి బహుమతి రానివాళ్లు ఒక్కొక్కరే కనిపించడం మానేశారు. ఎవరూ అలగలేదు, గొడవ పెట్టుకోలేదు, ఊరికే రావడం మానేశారు, అంతే. మేం గమనించడానికే రెండు నెలలు పట్టింది. ఒకావిడకి నేనే ఫోన్ చేశాను. "ఏం లేదండీ, నాకు రాయడం రాదని తేలిపోయింది కదా" అన్నారు. నాకు నోట మాట రాలేదు, ఎందుకంటే ఆవిడ కథ ఆఖరి వడపోత దాకా నిలిచింది, న్యాయనిర్ణేతల్లో ఒకరు దానికోసం గట్టిగా వాదించారు కూడా. ఆ సంగతి ఆవిడకి చెప్పాలని మాలో ఒక్కరికీ తోచలేదు. ఎంపిక కాని కథల గురించి రెండు ముక్కలు రాసి పంపాలనే నియమమే లేదు. ఆ నియమావళి రాసింది నేనే కాబట్టి ఈ తప్పు ముందు నా ఖాతాలో రాయండి.

న్యాయనిర్ణేతలనీ అనడానికి లేదు. ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు కూర్చుని అన్ని కథలు ఉచితంగా చదివారు. పోటీ అనే ఏర్పాటులోనే ఉంది లోపం: అది బాగా రాసినవాళ్లలోంచి ఒకరిని ఎంచగలదు కానీ ఇంకా సరిగ్గా రాయలేనివాళ్లకి ఏం చెయ్యాలో చెప్పలేదు. మన సంఘంలో ఎక్కువమంది రెండో రకం, అందులో నేనూ ఉన్నాను.

అందుకే ఏడాది మధ్యలో పోటీ ఎత్తేసి, చదువరుల వంతులు మొదలుపెట్టాం. పద్ధతి మనం కనిపెట్టింది కాదు. అమెరికాలో 1956లో డామన్ నైట్, మరికొందరు సైన్స్ ఫిక్షన్ రచయితలు కలిసి మిల్‌ఫర్డ్ అనే ఊళ్లో మొదలుపెట్టిన సమావేశాల్లో ఇది వాడుకలోకి వచ్చింది, ఇప్పుడు ప్రపంచమంతా చాలా వర్క్‌షాపుల్లో నడుస్తోంది. కథ అందరూ ముందే చదువుకుని వస్తారు. గుండ్రంగా కూర్చుని ఒక్కొక్కరూ తమకి ఇచ్చిన గడువులో అభిప్రాయం చెబుతారు. అందరూ అయ్యేదాకా రాసినవాళ్లు నోరు విప్పకూడదు. మనకి గుండ్రంగా కూర్చునే వీలు లేదు కాబట్టి వీడియో మీటింగులో రచయిత మైకు ఆపేశాం.

మొదటి వంతులో ఏమైందో వచ్చినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. మైకు ఆపేశాం గానీ చాట్ సంగతి మరిచాం. రచయిత గారు ఒక్కో మాటకీ చకచకా సంజాయిషీ టైపు చేస్తూనే ఉన్నారు, "అది అలా కాదండీ, మూడో పేజీలో హింట్ ఇచ్చాను" అంటూ. రెండో వంతు నుంచి చాట్ కూడా బంద్.

ఇది ఎందుకు పనిచేస్తుందో ఒక్క ఉదాహరణ చెబుతాను, ఆ రచయిత అనుమతితోనే. కథ చివర్లో "ఆయన వెళ్లిపోయాడు" అని ఒక వాక్యం. చదివిన ఆరుగురిలో నలుగురు ఆయన చనిపోయాడనుకున్నారు, దాన్ని బట్టే ముగింపు అద్భుతంగా ఉందని మెచ్చుకున్నారు కూడా. రచయిత ఉద్దేశం ఇల్లు వదిలి వెళ్లాడని మాత్రమే. మామూలుగా అయితే మొదటి మనిషి మాట పూర్తవకముందే "కాదండీ, బతికే ఉన్నాడు" అని అడ్డొచ్చేవారు, మిగతావాళ్లు సర్దుకుని "అవునవును" అనేవారు, వాక్యం అలాగే అచ్చుకి పోయేది. నోరు కట్టేసుకుని కూర్చోవడం వల్ల నలుగురూ అలాగే చదివారన్నది చెవిన పడింది. మార్పు రెండే పదాలు. "చెప్పులు వేసుకుని" అని చేర్చారు.

అభిప్రాయాలు రాసే తీరు కూడా మార్చాం. "సూపర్", "కంటతడి పెట్టించారు", చప్పట్ల బొమ్మలు లెక్కలోకి రావు. ఎక్కడ చదవడం ఆపాలనిపించింది, పుస్తకం మూసేశాక ఏ వాక్యం గుర్తుంది, ఏం అర్థం కాలేదు, ఈ మూడే రాయాలి. నేనైతే ఇలా రాసేవాణ్ణి అనే సలహా అడిగితేనే ఇవ్వాలి. ఈ నియమం మీద ఫిర్యాదులొచ్చాయి. పొగడ్త లేకపోతే మనసు విరిగిపోతుందన్నారు కొందరు, అందులో నిజం ఉంది. పెద్దాయన ఒకరు వంతుల నుంచి తప్పుకున్నారు కూడా, ఆయన విషయంలో మేం ఇంకాస్త మెత్తగా మాట్లాడి ఉండాల్సింది. కానీ మొహమాటపు పొగడ్త వల్ల ఎవరి రెండో కథా బాగుపడగా నేను చూడలేదు. ఎవరో ఒకరు మన కథని ఆఖరి అక్షరం దాకా శ్రద్ధగా చదివి, పదకొండో పేరాలో పాత్ర పేరు మారిపోయిందని పట్టుకోవడం మాత్రం చాలామందిని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టింది.

అనుకోని లాభం ఇంకోటి ఉంది. మన కథ చర్చకి రావాలంటే ముందు ఇద్దరి కథలు చదివి రాయాలని షరతు పెట్టాం, అందరికీ చదువరులు దొరకాలనే ఉద్దేశంతో. తీరా చూస్తే, అభిప్రాయాలు అందుకున్నవాళ్ల కన్నా రాసినవాళ్ల కథల్లోనే మార్పు ముందు కనిపించింది. ఎదుటివాళ్ల కథలో ఎత్తుగడ రెండు పేజీలు సాగితే మనకి ఆవలింత వస్తుంది, ఇంటికెళ్లి మన కథ తీస్తే అదే రెండు పేజీలు.

ఇక బయటికి పంపడం. పత్రికలు, సంకలనాలు, వర్క్‌షాపులు ఎప్పుడు రచనలు ఆహ్వానిస్తున్నాయో నెలనెలా ఒక జాబితా పంపుతున్నాం. అందులో నిడివి, గడువు మాత్రమే కాక పారితోషికం ఇస్తారా, ఏ హక్కులు అడుగుతున్నారు, ఎదురు ఫీజు అడుగుతున్నారా అనేవి కూడా రాస్తున్నాం. నిడివి దగ్గర ఒక చిన్న మాట. బయటి దేశాల పోటీల్లో 'చిన్న కథ' అంటే 7,500 పదాల లోపు అనే లెక్క కనిపిస్తుంది, అమెరికాలో సైన్స్ ఫిక్షన్ రచయితలు ఇచ్చే నెబ్యులా అవార్డుల వాళ్లదీ అదే గీత. అది ఇంగ్లీషు పదాల లెక్క. "రాయలేకపోయినవాళ్లలో" అన్నది మనకి ఒక్క పదం, వాళ్లకి అయిదారు. కాబట్టి అనువాదం చేయించి పంపేవాళ్లు తెలుగులో సరిపోయింది కదా అని నిశ్చింతగా ఉండకండి, ఇంగ్లీషులోకి మారాక ఒకసారి లెక్కపెట్టుకోండి.

హామీపత్రం గురించి ప్రతి నెలా రాస్తూనే ఉన్నాను, మళ్లీ రాస్తాను. "ఈ రచన నా సొంతం, అనువాదం కానీ అనుకరణ కానీ కాదు, వేరే ఏ పత్రిక పరిశీలనలోనూ లేదు" అని సంతకం పెట్టి పంపుతున్నాం కదా, అది మొక్కుబడి కాగితం కాదు. మన సభ్యులొకరు ఒకే కథని ఇద్దరికి పంపితే ఇద్దరూ వేసుకుంటామన్నారు. వినడానికి పండగలా ఉంటుంది. ఒకరికి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది, ఆ తలుపు మళ్లీ తెరుచుకోవడానికి ఎంత కాలం పడుతుందో. ఒకేసారి అనేకచోట్లకి పంపినా ఒప్పుకునే పత్రికలు ఉన్నాయి, ఆ సంగతి వాళ్ల నియమాల్లోనే రాసి ఉంటుంది. రాసి లేకపోతే ఒప్పుకోరనే అనుకోండి.

దీనికోసమే ఒక ఉమ్మడి పట్టీ పెట్టాం: కథ ఎక్కడికి పంపారు, ఏ తేదీన, ఎప్పటిదాకా ఆగాలి, ఏమన్నారు. మొదట్లో 'తిరిగొచ్చింది' అని నింపడానికి ఎవరికీ చెయ్యాడలేదు. కార్యవర్గంలో పాత రచయితలు ముందుగా తమవి నింపారు. పేరున్నవాళ్ల వరసలో కూడా అదే మాట పదేపదే ఉండడం చూశాక కొత్తవాళ్లకి సిగ్గు పోయింది. ఈ ఏడాది మేం చేసిన పనుల్లో పైసా ఖర్చు లేనిదీ బాగా పనికొచ్చిందీ ఇదే అని నా అభిప్రాయం.

హక్కుల మీద పెట్టిన సమావేశం రెండు గంటలు అనుకుంటే నాలుగు గంటలు సాగింది. ఎక్కువమందికి ఉన్న అపోహ, కథని మన చిరునామాకే రిజిస్టర్డ్ పోస్టులో పంపుకుని కవరు విప్పకుండా దాచుకుంటే కాపీరైట్ వస్తుందని. అక్కర్లేదు. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాలన్నింటిలో, అంటే దాదాపు ప్రపంచమంతటా, రాసిన క్షణం నుంచే హక్కు రాసినవాళ్లది, నమోదు అవసరం లేదు. రచయిత జీవితకాలం, ఆపైన కనీసం 50 ఏళ్లు అది ఉంటుంది, చాలా దేశాలు ఇంకా పెంచాయి. అయితే కాపాడేది రాసిన రాతనే, ఆలోచనని కాదు. "నా ఐడియా కొట్టేశారు" అని ఫోన్లు చేసేవాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదవగలరు.

ఇదే సమావేశంలో మనవల్లే జరుగుతున్న నష్టం ఒకటి బయటపడింది. సభ్యులందరూ, సభ్యులు కానివాళ్లూ చూడగలిగే చోట పూర్తి కథలు పెట్టేస్తున్నాం. చాలా పత్రికలు అడిగేది మొదటి ప్రచురణ హక్కు, బహిరంగంగా పెట్టిన కథ వాళ్ల లెక్కలో ప్రచురితమైపోయినట్టే. అంటే ప్రోత్సాహం పేరుతో కథకి ఉన్న అవకాశాన్ని మనమే ఖర్చు పెట్టేశాం. ఇప్పుడు చిత్తుప్రతులు వంతులో ఉన్నవాళ్లకి మాత్రమే వెళ్తాయి, చర్చ అయిపోయాక తీసేస్తాం.

డబ్బు కట్టించుకునే ప్రచురణకర్తల సంగతి. ఒక సభ్యుడి దగ్గరికి ఒప్పందం వచ్చింది: పుస్తకం వేస్తాం, మీరు ఇంత కట్టండి, ఇన్ని కాపీలు మీరే కొనండి, ఐఎస్‌బీఎన్ కూడా ఇస్తాం. పైగా 'ఎంపికయ్యారు' అనే మాట. ఐఎస్‌బీఎన్ అనేది పుస్తకాన్ని గుర్తుపట్టడానికి వాడే సంఖ్య, 2007 నుంచి 13 అంకెలది. అది నాణ్యతకి ముద్రా కాదు, కాపీరైటూ కాదు. మన డబ్బుతో మన పుస్తకం వేసుకోవడంలో తప్పేం లేదు, ఎందరో వేసుకున్నారు, కానీ అది అచ్చు ఖర్చని తెలిసి వేసుకోవాలి, ఎంపిక అనుకుని కాదు. జేమ్స్ మెక్‌డొనాల్డ్ అనే రచయిత చెప్పిన సూత్రం ఒకటి ఈ రంగంలో బాగా వాడతారు, డబ్బు రచయిత వైపుకి పారాలి అని. ఇలాంటి మోసాల మీద రచయితల్ని హెచ్చరించడానికి 1998 నుంచి రైటర్ బివేర్ అనే బృందం పనిచేస్తోంది, సంతకం పెట్టే ముందు అక్కడ ఒకసారి వెతకండి, మా కార్యవర్గానికీ ఒకసారి చూపించండి. ఆ సభ్యుడు సంతకం పెట్టలేదు.

ఫాంట్ల గొడవ క్లుప్తంగా: అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లో ఉమ్మడి సంకేతాలైన యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచి ఉంది, అయినా అచ్చు పేజీలు కట్టేచోట దానికి పొసగని పాత ఫాంట్లు నడుస్తూనే ఉన్నాయి, మార్పిడిలో ఒత్తులు ఎగిరిపోతున్నాయి. ప్రూఫ్ అడిగి చూసుకోండి. సహాయానికి ఇద్దరు సభ్యులు ఉన్నారు.

యంత్రంతో, అంటే ఏఐతో రాయించిన కథలపై కార్యవర్గంలో ఏకాభిప్రాయం లేదు. 2023 ఫిబ్రవరి 20న క్లార్క్స్‌వర్ల్డ్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక ఇలాంటి కథలు వచ్చి పడుతుంటే తట్టుకోలేక రచనలు తీసుకోవడమే కొన్నాళ్లు ఆపేసింది. దెబ్బ తగిలేది కొత్తవాళ్లకే, ఎందుకంటే తలుపు మూసుకున్నప్పుడు పేరున్నవాళ్లకి పక్కదారి ఉంటుంది, కొత్తవాళ్లకి ఉండదు. ప్రస్తుతానికి వంతులకి పంపే కథ సొంతంగా రాసిందే అయి ఉండాలి. యంత్రంతో అక్షరదోషాలు దిద్దించుకోవడం సంగతి సర్వసభ్య సమావేశంలో తేల్చుకుందాం, దయచేసి ఈసారి అరుచుకోకుండా.

చేయలేకపోయినవి: కవితలకి వేరే వంతు పెట్టలేదు, నడిపే మనిషి దొరకలేదు. నాటికలు రాసేవాళ్లని పూర్తిగా మరిచిపోయాం. నవల రాసేవాళ్లకి నెలకో అధ్యాయం చదివే జతలు కట్టాం, చాలా జతలు రెండో నెలకే విడిపోయాయి, ఇద్దరిలో ఒకరు రాయడం ఆపితే రెండోవారూ ఆపేస్తున్నారు. వచ్చే ఏడాది ముగ్గురేసి ఉంటారు.

వచ్చే ఏడాది మొదటి వంతుకి కథలు సరిపడా ఉన్నాయి, చదివేవాళ్లు ఇంకా కావాలి. రాయకపోయినా ఫరవాలేదు, చదవడానికైనా పేరివ్వండి. నేను ఫోన్ చేసిన ఆవిడ ఇప్పుడు మంగళవారం వంతు నడుపుతున్నారు. ఆ పోటీ కథని తిరగరాసి బయటికి పంపారు, తిరిగొచ్చింది, పట్టీలో తనే నింపారు. ఇంకోచోటికి పంపి మూడు వారాలైంది, జవాబు రాలేదు.

ఉంటాను,
కార్యదర్శి